యాక్సిడెంట్ అయిన కారు ఏ షెడ్డుకు వెళ్లాలి? చెప్పాల్సింది మీరే

నాలుగేళ్ల కిందట నందిగామ దాటాక, రాత్రిపూట, మా కారుకు ఒక గేదె అడ్డం వచ్చింది. గేదె లేచి దులుపుకుని వెళ్లిపోయింది. మా కారు లేవలేదు. బంపర్ ఊడి, రేడియేటర్ పగిలి, అందులో నీళ్లన్నీ 65వ నంబరు హైవే మీద కారిపోయాయి. టోయింగ్ బండి వచ్చాక, "విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి షెడ్డు ఉంది, అక్కడ దించు" అన్నాను. "ఇన్సూరెన్స్ ఉంది కదా సార్, షోరూమ్‌లో పెడితేనే క్లెయిమ్ వస్తది. బయట పెడితే పైసా రాదు" అన్నాడతను. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే వాళ్లూ దగ్గర్లోని నెట్‌వర్క్ గ్యారేజీ పేరే చదివారు తప్ప ఇంకో దారి ఉందని చెప్పలేదు. సరే అనుకున్నాను. కారు ఆ షోరూమ్‌లో ఇరవై ఆరు రోజులు ఎండలో పడి ఉంది.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటే. కారుకు ఓన్ డ్యామేజ్ బీమా, అంటే మన కారుకే జరిగిన నష్టానికి డబ్బిచ్చే బీమా ఉంటే, కారును ఎక్కడ బాగుచేయించుకోవాలో తేల్చుకునేది యజమానే. కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న గ్యారేజీకి తీసుకెళ్తే క్యాష్‌లెస్, అంటే బిల్లులో కంపెనీ వాటా నేరుగా గ్యారేజీకి వెళ్తుంది. మనకు నమ్మకమున్న షెడ్డులో పెడితే ముందు మనం కట్టి, తర్వాత కంపెనీ దగ్గర రాబట్టుకుంటాం. దీన్నే రీయింబర్స్‌మెంట్ అంటారు. క్యాష్‌లెస్ అన్నది ఒక సౌకర్యం. క్లెయిమ్‌కు అది షరతు అన్నట్టు మాట్లాడేవాళ్లు చాలామంది తగులుతారు. ఆ తర్వాత రెండోసారి కారుకు దెబ్బ తగిలినప్పుడు నేను చేసిన పద్ధతి వరసగా చెబుతాను.

పాలసీ కాగితం ముందే చదివి పెట్టుకోండి

ఈ పని ఇవాళ చేయండి, కారు బాగున్నప్పుడే. ముందుగా చూడాల్సింది ఓన్ డ్యామేజ్ ప్రీమియం అనే లైను ఉందా లేదా అని. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చేది, ఒకేసారి తీసుకోవాలి. దాంతో "మూడేళ్లకూ ఇన్సూరెన్స్ కట్టేశాం" అని ధీమాగా ఉండేవాళ్లు ఎక్కువయ్యారు. చాలా పాలసీల్లో ఓన్ డ్యామేజ్ భాగం ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు దాన్ని రెన్యువల్ చేయకపోతే మీ కారు రిపేరుకు రూపాయి కూడా రాదు. అప్పుడిక ఏ షెడ్డు అన్న ప్రశ్నే లేదు, జేబు ఎంత పెద్దదన్నదే ప్రశ్న.

తర్వాత షరతుల పేజీ. 2007లో ప్రీమియం రేట్లను కంపెనీలకే వదిలేసినా, పాలసీలోని మాటలు ఎక్కువగా, అన్ని కంపెనీలకూ ఒకే రేట్లు, షరతులు పెట్టిన 2002 నాటి మోటార్ టారిఫ్ నుంచి వచ్చినవే. అందుకే ఏ కంపెనీ పాలసీ తీసినా దాదాపు ఒకే వాక్యాలు కనబడతాయి. ఫలానా గ్యారేజీలోనే చేయించాలన్న షరతు ఆ ప్రామాణిక పాఠంలో లేదు. అయితే అందులో ఒక వాక్యం ఉంది, అది మీకు ముందే తెలిసి ఉండాలి: కంపెనీ తన ఇష్టప్రకారం వాహనాన్ని తానే బాగుచేయించవచ్చు, మార్చి ఇవ్వవచ్చు, లేదా నష్టం మేరకు డబ్బు ఇవ్వవచ్చు. వాదన ముదిరితే అవతలివాళ్లు చూపించేది దీన్నే. మామూలుగా కంపెనీలు డబ్బు ఇచ్చే దారిలోనే వెళ్తాయి. ఎవరైనా ఈ వాక్యం ఎత్తితే, "మీరే బాగుచేయించి ఇస్తామని రాతలో చెప్పండి" అని అడగండి. రాతలో చెప్పారంటే పని నాణ్యతకు బాధ్యత కూడా వాళ్ల మీద పడుతుంది.

అదే పేజీలో ఇంకో పాత ముచ్చట ఉంటుంది. కంపెనీ ఆమోదం కోసం ఆగకుండా యజమాని తనంతట తాను చేయించుకోగల రిపేరు 500 రూపాయల లోపు ఉండాలట. ఈ రోజుల్లో 500కు వైపర్ బ్లేడ్లు రావడమే కష్టం. అయినా అది పాలసీలో ఉంది కాబట్టి, షెడ్డు మీ ఇష్టం కానీ సర్వేకు, అంటే కంపెనీ తరఫున సర్వేయర్ వచ్చి నష్టం అంచనా వేయడానికి ముందు పని మొదలుపెట్టడం మీ ఇష్టం కాదు.

జీరో డెప్ (పార్టుల పాతదనానికి పట్టే కోత లేకుండా చేసేది) లాంటి యాడ్-ఆన్, అంటే అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్ ఉంటే దాని షరతులు విడిగా చదవాలి. కొన్నిటిలో ఏడాదికి ఇన్ని క్లెయిములే అని ఉంటుంది. కొన్నిటిలో కంపెనీ అధీకృత గ్యారేజీలో చేయిస్తేనే ఆ యాడ్-ఆన్ వర్తిస్తుందని ఉండవచ్చు. అలా ఉంటే బయటి షెడ్డులో మామూలు క్లెయిమ్ వస్తుంది, జీరో డెప్ లాభం పోతుంది. ఎంత పోతుందో కింద లెక్క వేసి చూపిస్తాను.

రోడ్డు మీద మొదటి గంట

మనుషులకు దెబ్బలు తగిలితే 112కు ఫోన్ చేయండి, కారు సంగతి తర్వాత. జాతీయ రహదారి మీద బండి కదలకపోతే 1033కు చేస్తే సాయం వస్తుంది.

వెంటనే బీమా కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఆలస్యం చేయొద్దు, వెంటనే తెలియజేయాలన్నది పాలసీలో మొదటి షరతు. డ్రైవింగ్ ఎవరు చేస్తున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లైసెన్సు లేని తమ్ముడు నడిపితే, "బావగారు నడిపారని చెప్పు" అని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి యాక్సిడెంట్ దగ్గరా ఒకరుంటారు. ఆయన మాట వింటే క్లెయిమ్ పోవడమే కాకుండా మోసం కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఫొటోలు తీయండి. నంబరు ప్లేటు కనబడేలా దూరం నుంచి ఒకటి, దెబ్బ తగిలిన చోట దగ్గర నుంచి నాలుగైదు, రోడ్డు మీద పడ్డ గాజు ముక్కలు, మీటరులో కిలోమీటర్లు. చిన్న వీడియో ఒకటి తీస్తే ఇంకా మంచిది.

దెబ్బ తిన్న కారును నడపొద్దు. రేడియేటర్ పగిలిన కారును "మెల్లగా పదిహేను కిలోమీటర్లేగా" అని లాక్కెళ్తే ఇంజిన్ సీజ్ అవుతుంది. ఆ పెరిగిన నష్టం పూర్తిగా యజమానిదేనని పాలసీలో స్పష్టంగా ఉంది. నీళ్లలో మునిగిన కారుకూ ఇదే సూత్రం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు మునిగాయి. అలాంటప్పుడు నీళ్లు తీశాక సెల్ఫ్ కొట్టి చూద్దామనిపిస్తుంది. కొట్టొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు లాగితే, ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేనివాళ్లకు ఆ ఖర్చు మీద పెద్ద గొడవే.

ఇక టోయింగ్. ఎక్కడ దించాలో బండి ఎక్కించే ముందే చెప్పండి, వాట్సాప్‌లో లొకేషన్ పంపండి. కొంతమంది టోయింగ్ వాళ్లకు గ్యారేజీల నుంచి బండికింత అని ముడుతుంది, అందుకే సలహాలిస్తారు. మామూలు పాలసీలో కారును దగ్గర్లోని రిపేరు చోటుకు చేర్చడానికి, తిరిగి మీకు అప్పగించడానికి కలిపి 1,500 రూపాయల వరకు ఇస్తారు. అంతకు మించితే మీదే, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే తప్ప. కాబట్టి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ మేస్త్రి కోసం పట్టుబట్టే ముందు ఈ అంకె గుర్తు తెచ్చుకోండి. ఎటూ తేలకపోతే కారును ఇంటికి తెప్పించుకోండి. ఇంటి ముందున్న కారుకు పార్కింగ్ చార్జీ పడదు.

తప్పనిసరై ఏదో గ్యారేజీలో దించాల్సి వస్తే, జాబ్ కార్డు మీద "ఎస్టిమేషన్ కోసం మాత్రమే, నా రాతపూర్వక అనుమతి లేకుండా పని మొదలుపెట్టరాదు" అని మీ చేత్తో రాసి సంతకం చేసి, దాన్ని ఫొటో తీసుకోండి. ఎస్టిమేషన్ చార్జీ, పార్కింగ్ చార్జీ ఎంతో తాళం ఇచ్చే ముందే అడగండి. నేను అడగలేదు. తర్వాత కారు తీసుకెళ్తానంటే ఆ రెంటికీ బిల్లు చేతిలో పెట్టారు.

క్లెయిమ్ వేయాలా, చేతి డబ్బుతో కానివ్వాలా

షెడ్డుకు వెళ్లగానే అడిగే మొదటి మాట "ఇన్సూరెన్సా సార్, క్యాషా?" అని. దానికి జవాబు ఆలోచించి చెప్పాలి.

ఒక్క క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నాకు పడిపోతుంది. ఉదాహరణకు ఇప్పుడు మీకు 35 శాతం బోనస్ ఉంది, ఓన్ డ్యామేజ్ ప్రీమియం డిస్కౌంటుకు ముందు 10,000 అనుకుందాం. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడు 45, ఆ తర్వాత నుంచి 50 శాతం తగ్గుతుంది. క్లెయిమ్ వేస్తే 0, 20, 25, 35, 45 అంటూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ప్రీమియం మారలేదనుకుంటే ఐదు రెన్యువల్స్‌లో పోయేది 4,500, 3,000, 2,500, 1,500, 500. అంటే 12,000. కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజానికి కొంత తక్కువే అవుతుంది. అయినా ఆరేడు వేల గీతకు క్లెయిమ్ వేయడం దండగ అని నా అభిప్రాయం. ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయండి. క్లెయిమ్ వేసినా ఆ బోనస్ పోకుండా చూసే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉన్నవాళ్ల లెక్క వేరు.

ఏ షెడ్డు?

మూడు రకాలున్నాయి. కారు కంపెనీ డీలరు వర్క్‌షాప్, బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న మల్టీబ్రాండ్ వర్క్‌షాప్, ఇక మన ఆటోనగర్ షెడ్డు. విజయవాడ, గాజువాక, వనస్థలిపురం, గుంటూరు, ఏ ఆటోనగర్ అయినా సరే.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నా, కారు వారంటీలో ఉన్నా, ముందు అద్దం వెనక కెమెరా, బంపర్‌లో రాడార్ ఉన్న కొత్త రకం కారైనా, బ్యాటరీ కారైనా నేను డీలరు దగ్గరికే వెళ్తాను. కెమెరాను, రాడార్‌ను తిరిగి సరిచూడటానికి సామగ్రి కావాలి. సుత్తితో అయ్యే పని కాదది. ఇలాంటి చోట స్వేచ్ఛ ఉంది కదా అని పంతానికి పోకండి.

రేకు పని, రంగు పని అయితే మాత్రం కథ తిరగబడుతుంది. డీలరు దగ్గర డోరు సొట్టపోతే డోరు మార్చేద్దామంటారు. వాళ్ల లెక్కలో సొట్ట తీయడానికి గంటలు ఎక్కువ, మార్చడం తేలిక. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన చేతులున్నాయి. అవి ఆ సొట్టను లోపలి నుంచి కొట్టి, వేళ్లతో తడిమి చూసి సరిచేస్తాయి, కంపెనీ వెల్డింగ్ చెడకుండా. వారంటీ దాటి ఐదారేళ్లయిన కారుకు నేను కచ్చితంగా షెడ్డే అంటాను.

వారంటీ గురించి ఒక మాట. బయట చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అని భయపెడతారు. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, స్వతంత్ర మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే షరతు పెట్టొద్దని చెప్పింది. విడిభాగాలు బయటి మార్కెట్లో దొరికేలా చూడమనీ చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి. అందుకే నేను చెప్పేది ఇది: ఆ ఉత్తర్వును నమ్ముకుని ఇంజిన్ విప్పించొద్దు, కానీ బంపర్ బయట మార్పిస్తే ఇంజిన్ వారంటీ పోతుందని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

షెడ్డును ఖాయం చేసుకునే ముందు మేస్త్రిని ఇవి అడగండి. జీఎస్టీ నంబరు ఉందా? పార్టు నంబర్లతో, లేబరు విడిగా చూపిస్తూ ఎస్టిమేషన్ ఇస్తాడా? పార్టులకు కొన్న చోటి బిల్లు చూపిస్తాడా? పెయింట్ బూత్ ఉందా, లేక చెట్టు కిందే కొడతాడా? సర్వేయర్ వస్తే దగ్గరుండి మాట్లాడతాడా? ఎంత మంచి పనివాడైనా జీఎస్టీ బిల్లు ఇవ్వలేకపోతే ఇన్సూరెన్స్ పనికి వద్దు. తెల్లకాగితం మీద బిల్లు పెడితే సర్వేయర్ కోతలు మొదలుపెడతాడు.

"ఇన్సూరెన్సే కదా సార్, ఇంకో పది వేలు ఎక్కువ వేద్దాం, చెరిసగం" అన్నవాడి దగ్గర కారు అస్సలు పెట్టొద్దు. సర్వేయర్లకు పార్టుల రేట్లు నోటికి వచ్చు. ఒక్క దొంగ లైను దొరికితే మిగతా లైన్లన్నిటినీ అదే కళ్లతో చూస్తారు.

కంపెనీకి మీ మాట రాతలో చెప్పండి

ఫోన్‌లో ఎన్ని చెప్పినా గాలికి పోతాయి. క్లెయిమ్ నంబరు వచ్చిన వెంటనే కంపెనీ మెయిల్‌కు, దొరికితే సర్వేయర్ వాట్సాప్‌కు కూడా ఇలా పంపండి:

"ఫలానా నంబరు కారు, ఫలానా క్లెయిమ్. నా కారును ఫలానా షెడ్డులో రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో బాగుచేయించుకుంటున్నాను. షెడ్డు చిరునామా, జీఎస్టీ నంబరు, ఎస్టిమేషన్ జతచేశాను. సర్వేయర్‌ను అక్కడికి పంపించగలరు. సర్వే అయ్యేదాకా పని మొదలుపెట్టను. ఈ షెడ్డులో చేయించడానికి నా పాలసీలో ఏదైనా షరతు అడ్డొస్తుందనుకుంటే ఆ షరతు నంబరు చెప్పగలరు."

ఆఖరి వాక్యం ముఖ్యం. "రూల్ ఒప్పుకోదండీ" అనే మాటకు నంబరు అడిగితే చాలాసార్లు గొంతు మారిపోతుంది. నాకు వచ్చిన జవాబు ఒక్క లైను: "సర్వేయర్ మిమ్మల్ని సంప్రదిస్తారు."

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ మెయిల్ ఇంకా తేలిక. టెక్సాస్ బీమా చట్టంలోనే, రిపేరు చోటును ఎంచుకోవడంలో కారు యజమానికి కంపెనీ పరిమితి పెట్టకూడదని ఉంది. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లోనూ ఫలానా షాపులోనే చేయించాలని కంపెనీ పట్టుబట్టడానికి వీల్లేదు. డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి తన అడ్జస్టర్‌కు (అక్కడ బీమా కంపెనీ తరఫున క్లెయిమ్ చూసే మనిషి) ఆ చట్టం సెక్షన్ నంబరుతో సహా మెయిల్ కొట్టాడు. మన దగ్గర అంత సూటిగా రాసిన చట్టం చేతిలో లేదు కనుక పాలసీ షరతులతోనే మాట్లాడాలి.

సర్వేయర్ వచ్చేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి

కారు నష్టం 50,000 దాటితే లైసెన్సున్న సర్వేయర్ చూసి తీరాలి. అంతకంటే తక్కువైతే కంపెనీ తన మనిషిని పంపవచ్చు, వీడియో కాల్‌లో కూడా చూడవచ్చు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. కేటాయించిన 15 రోజుల్లో రిపోర్టు రావాలి. రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. ఈ మూడు అంకెలనూ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. షెడ్డు నెట్‌వర్క్‌లో లేదు కాబట్టి ఆలస్యమని ఎవరైనా అంటే చెల్లదు, ఈ గడువులు అన్ని షెడ్లకూ ఒకటే.

సర్వేయర్ వచ్చే రోజు మీరు ఉండండి. మేస్త్రి, సర్వేయర్, మీరు ముగ్గురూ కారు చుట్టూ నిలబడి ఒక్కో పార్టు మీదా తేల్చుకోండి: ఇది మార్చాలా, బాగుచేయాలా, దీనికి క్లెయిమ్ వర్తించదా. మేస్త్రిని మాట్లాడనివ్వండి. "ఈ క్రాస్ మెంబర్ వంగింది సార్, బయటికి కనబడదు, కొలత చూడండి" అని మా మేస్త్రి టేపు పట్టి చూపించకపోతే ఆ లైను ఎస్టిమేషన్‌లో ఉండేదే కాదు.

బంపర్ విప్పాక లోపల ఇంకేదో విరిగి కనబడటం మామూలే. అక్కడే పని ఆపండి. ఫొటోలు తీసి, సప్లిమెంటరీ ఎస్టిమేషన్ పంపి, సర్వేయర్ సరేనన్న మెసేజ్ వచ్చాకే ముందుకు వెళ్లండి. బయటి షెడ్లలో ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఈ మెట్టు దగ్గరే. మేస్త్రి పని ఊపులో ఉంటాడు, రాత్రికి రాత్రే పార్టు మార్చేస్తాడు. తెల్లారి సర్వేయర్ "నేను చూడలేదు కదా" అంటాడు.

మొత్తం రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో కారుకు కట్టిన విలువ) 75 శాతం దాటితే అది టోటల్ లాస్, అంటే కారు మొత్తం పోయినట్టే అన్న లెక్కలోకి పోతుంది. అప్పుడు షెడ్డు బేరాలు వద్దు, లోన్ ఉన్న కారైతే బ్యాంకుతో మాట్లాడుకోవాలి.

మీ వాటా ఎంతో ముందే లెక్క వేసుకోండి

జీరో డెప్ లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ పార్టులు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు సగమే ఇస్తారు. ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతం కోత. గాజుకు కోత లేదు. ఇనుప పార్టులకు కారు వయసును బట్టి పెరుగుతుంది: మొదటి ఆరు నెలలు ఏమీ లేదు, ఆపైన ఏడాది వరకు 5 శాతం, రెండేళ్ల వరకు 10, మూడేళ్ల వరకు 15, నాలుగేళ్ల వరకు 25, ఐదేళ్ల వరకు 35, పదేళ్ల వరకు 40, ఆ పైన 50. రంగు పని మొత్తంలో నాలుగో వంతును మెటీరియల్‌గా పట్టి, అందులో సగం కోస్తారు. లేబరుకు కోత లేదు. చివర్లో కంపల్సరీ డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లోనూ యజమానే భరించాల్సిన మొత్తం, తీసేస్తారు. 1500 సీసీ వరకు 1,000, ఆ పైన 2,000.

మూడున్నరేళ్ల చిన్న కారు తీసుకుందాం, జీఎస్టీ పక్కన పెట్టి. బంపర్ 8,000లో వచ్చేది 4,000. బానెట్ 12,000లో 9,000. ముందు అద్దం 9,000 మొత్తం వస్తుంది. రంగు పని 12,000లో 10,500. టింకరింగ్, ఫిట్టింగ్ లేబరు 6,000 మొత్తం. బిల్లు 47,000, వచ్చేది 38,500, డిడక్టిబుల్ 1,000 పోను 37,500. మీ చేతి నుంచి పడేది 9,500.

ఇప్పుడు షెడ్డు తేడా చూడండి. డీలరు దగ్గర లేబరు, రంగు రేట్లు ఎక్కువ. క్యాష్‌లెస్‌లో కూడా పై కోతలన్నీ మీవే, డెలివరీ రోజు కట్టాల్సిందే. "క్యాష్‌లెస్" అన్న మాట విని చేతులూపుకుంటూ వెళ్లి, కౌంటర్ దగ్గర పన్నెండు వేలు అడిగితే బిక్కచచ్చిపోయినవాళ్లను నేను చూశాను. షెడ్డులో బానెట్ మార్చకుండా సరిచేస్తే ఆ పని లేబరు కింద పోతుంది, దానికి కోతే లేదు. అంటే బిల్లూ తగ్గింది, మీ వాటా కూడా తగ్గింది.

షెడ్డు వైపు ఉన్న బరువు కూడా చెప్పాలి కదా. ఆ 47,000 ముందు మీరే సర్దాలి. డబ్బు వెనక్కి వచ్చేదాకా కొన్ని వారాలు టెన్షనే. చేతిలో అంత లేకపోతే నెట్‌వర్క్‌లోని మల్టీబ్రాండ్ వర్క్‌షాప్ చూసుకోవడంలో తప్పు లేదు. అందులో కూడా ఏ గ్యారేజీ అన్నది మీరే ఎంచుకోండి, వాళ్లు చదివిన మొదటి పేరుకు తలూపకండి.

బిల్లు, పాత సామాను, డెలివరీ

డబ్బు షెడ్డుకు బ్యాంకు ద్వారానో యూపీఐతోనో కట్టండి, నగదు వద్దు. బిల్లు కారు యజమాని పేరు మీద, కారు నంబరుతో, సర్వేయర్ ఒప్పుకున్న వరసలోనే ఉండాలి. దానితో పాటు క్లెయిమ్ ఫారం, ఆర్సీ, నడిపినవాళ్ల లైసెన్సు, కట్టిన రసీదు, క్యాన్సిల్డ్ చెక్కు ఇస్తే చాలు. ఒక్కో వారం ఒక్కో కాగితం అడుగుతూ తిప్పించుకుంటుంటే, కావలసినవన్నీ ఒకేసారి జాబితాగా పంపమని మెయిల్ పెట్టండి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించొద్దని 2024 సర్క్యులర్‌లోనే ఉంది.

పాత పార్టులు పారేయనివ్వకండి. పని అయ్యాక సర్వేయర్ మళ్లీ చూడటానికి రావచ్చు. అప్పుడు మార్చిన పార్టుల పాత ముక్కలు చూపించాలి. ఆటోనగర్‌లో పాత ఇనుము సాయంత్రానికల్లా తుక్కు కొట్టుకు వెళ్లిపోతుంది కాబట్టి మేస్త్రికి మొదటి రోజే చెప్పి పెట్టండి.

కారు తీసుకునేటప్పుడు పగలు రంగు చూడండి, రాత్రి హెడ్‌లైట్ల ఎత్తు చూడండి. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదిలితే ఏ పక్కకైనా లాగుతుందేమో చూడండి. ఇవన్నీ అయ్యాకే సంతృప్తి పత్రం మీద సంతకం. ఖాళీ ఫారం మీద సంతకం అడిగితే పెట్టొద్దు.

డబ్బు కోసేస్తే

అనుకున్నదానికంటే తక్కువ వేస్తే ముందు సర్వే రిపోర్టు కాపీ అడగండి. అడిగితే ఇవ్వాలి. ఏ లైనులో ఎంత, ఎందుకు కోశారో అందులో తెలుస్తుంది. కోత న్యాయమైతే ఊరుకోండి. కాకపోతే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. రెండు వారాల్లో తేలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో పెట్టండి, లేదా 155255కు ఫోన్ చేయండి. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఉన్నది మన హైదరాబాద్‌లోనే.

కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఏడాది లోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది, కానీ అది పొడుగు దారి. 1915కు ఫోన్ చేస్తే దాని సంగతి చెబుతారు.

నాకు అంతదూరం వెళ్లాల్సిన పని పడలేదు. రెండోసారి మా మేస్త్రి లేబరులో 2,800 కోశారు. నేను పెట్టిన మెయిల్ మూడు వాక్యాలు: సర్వే రిపోర్టు కాపీ పంపండి. లేబరు కోతకు కారణం ఏ పేజీలో ఉందో చెప్పండి. వారంలో జవాబు రాకపోతే బీమా భరోసాలో ఫిర్యాదు పెడతాను. నాలుగో రోజు 2,800 ఖాతాలో పడింది. రిపోర్టు కాపీ మాత్రం ఇప్పటికీ రాలేదు.